అమ్మానాన్నల్ని తీసుకుని ఫ్లోరెన్స్ వెళ్తున్నాం, ఒక్క రోజు సరిపోద్దా?

ఇసార్_ఒడ్డు
అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు, వీసా ఇంకో నెల ఉంది. అక్టోబర్ మొదటి వారంలో మ్యూనిక్ నుంచి ట్రైన్‌లో ఇటలీ వేద్దామని ప్లాన్. రోమ్ మూడు రోజులు, వెనిస్ రెండు రోజులు ఫిక్స్. మధ్యలో ఫ్లోరెన్స్ ఒక్క రోజు పెట్టా, పొద్దున్నే దిగి రాత్రికి చెక్కేయడం. మా ఆవిడ అదీ దండగే, పీసా టవర్ దగ్గర ఫోటో దిగి పోదాం అంటోంది. నాన్నకి 68, ఇరిగేషన్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైర్ అయ్యారు, బానే నడుస్తారు. అమ్మకి 63, మోకాళ్ళు నొప్పులు, మెట్లంటే భయం, గుడ్డు కూడా ముట్టదు. మా ఆఫీసులో ఒకడు వెళ్ళొచ్చి "చర్చిలు, బొమ్మలు, క్యూలు, అంతకుమించి ఏం లేదు బాసూ" అన్నాడు. నిజమేనా? ఒక్క రోజైతే ఏం చూడాలి, ముందే ఏం బుక్ చేసుకోవాలి?

నైట్‌షిఫ్ట్_నాని
మీ ఆవిడ చెప్పింది చెయ్. దీనికి ఫోరమ్ ఎందుకు.

బెజవాడ_బాబాయ్
మీ ఆఫీసు అతను కరెక్టుగానే చెప్పాడు. మేము రెండేళ్ళ క్రితం జూలైలో వెళ్ళాం, ఎండ మన బెజవాడకి ఏమాత్రం తీసిపోదు, నీడ లేదు, చెట్టు లేదు, అంతా రాయే. ఉఫీజీ మ్యూజియంలో గదికి పది మేరీమాత బొమ్మలు, పదో గది దాటేసరికి ఏది ఎవరు వేశారో వదిలేసి బెంచీ ఎక్కడుందో వెతుక్కున్నా. డేవిడ్ విగ్రహం కోసం గంటన్నర లైను. తీరా బయట పెద్ద సెంటర్లో అదే బొమ్మ కాపీ ఫ్రీగా నిలబడుంది. ఒక్క రోజు కూడా ఎక్కువే.

రాళ్ళపిచ్చి
బాబాయ్ గారూ జూలైలో వెళ్ళి ఊరిని తిడితే ఎలా. మే నెలలో బెజవాడ వచ్చి దుర్గ గుడి మెట్లు కాలుతున్నాయి అన్నట్టుంది.

పద్మ_బోలోన్యా
పదకొండేళ్ళుగా బోలోన్యాలో ఉంటున్నా, ఫ్లోరెన్స్ మాకు హైస్పీడ్ ట్రైన్‌లో నలభై నిమిషాలు కూడా పట్టదు. చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్ళే డ్యూటీ నాదే కాబట్టి చెప్తున్నా, వినండి.

సోమవారం పెట్టుకోవద్దు, ఉఫీజీకీ డేవిడ్ ఉండే అకాడెమియాకీ సెలవు. నెలలో మొదటి ఆదివారం ఫ్రీ అంటారు, ఆ ఫ్రీకి ఆశపడొద్దు, లైను చూస్తే తిరుపతి సర్వదర్శనమే నయం. పెద్ద చర్చి, అదే డువోమో, లోపలికి టికెట్ లేదు కానీ గుమ్మటం పైకి ఎక్కాలంటే మాత్రం టైమ్ స్లాట్‌తో ముందే కొనాలి, 30 యూరోల దగ్గరుంటుంది, అందులోనే మ్యూజియం, బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం), గంటల టవర్ అన్నీ వస్తాయి, మూడు రోజులు చెల్లుతుంది. 463 మెట్లు, లిఫ్ట్ లేదు, మధ్యలో వెనక్కి తిరుగుదామన్నా సందు ఇరుకు. అమ్మగారిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించొద్దు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, అమ్మగారి చీరకి ఇబ్బందే లేదు, నిక్కర్లేసుకుని ఎండలో తిరిగే మగవాళ్ళనే ఆపుతారు.

అమ్మగారి కోసం ఒక చిట్కా. డువోమో వెనక వీధిలోనే ఓబ్లాతే అని ఒక లైబ్రరీ ఉంది, ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినుల మఠం. పై అంతస్తులో కాఫీ కొట్టు, అక్కడ కూర్చుంటే గుమ్మటం ఎదురుగా, చెయ్యి చాస్తే తగులుతుందేమో అనిపిస్తుంది. లిఫ్ట్ ఉంది. చదువుకునే పిల్లలు ఉంటారు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు, మన వాళ్ళకి అదొక్కటే కష్టం.

కరీంనగరోడు
కారు మాత్రం తీస్కపోకుండ్రి. మేం 2022ల నలుగురం దోస్తులం రెంట్ కారు తీస్కొని పోయినం. ఊరి నడుమ జెడ్‌టీఎల్ అని ఉంటది, పర్మిషన్ లేని కార్లు పోవద్దన్న జాగ, ఎర్ర గుండ్రం బోర్డు, దాని మీద కెమెరా. మనకేం తెల్సు, మ్యాపు ఎటు పొమ్మంటే అటు పోయినం, హోటల్ దొరకక ఒకటే గల్లీల మూడు సుట్లు కొట్టినం. ఇంటికొచ్చి అంతా మర్చిపోయినంక ఏడెనిమిది నెలలకు లెటర్లొచ్చినయ్, ఒకటి గాదు మూడు. సుట్టుకొక ఫైను. దాని మీద కారిచ్చినోడు మా అడ్రసు పోలీసోళ్ళకు చెప్పినందుకు మళ్ళ వేరే చార్జి. ట్రిప్పు ఖర్చు అయిపోయిందనుకుంటే ఇంకో ట్రిప్పు ఖర్చు అయింది.

నైట్‌షిఫ్ట్_నాని
@కరీంనగరోడు నాలుగో చుట్టు కొట్టలేదు సంతోషించు

పద్మ_బోలోన్యా
హోటల్ జెడ్‌టీఎల్ లోపలుంటే ముందే కారు నంబర్ హోటల్ వాళ్ళకి ఇవ్వాలి, వాళ్ళు రిజిస్టర్ చేస్తారు. చాలామందికి ఇది తెలీదు. మీరెలాగూ ట్రైనే కదా, సాంతా మారియా నొవెల్లా స్టేషన్లో దిగితే డువోమో పది నిమిషాల నడక.

గోడమేస్త్రి
ఇరిగేషన్‌లో సర్వీసంతా చేసిన మనిషిని ఆ ఊరు తీసుకెళ్ళి ఒక్క రోజులో లాక్కొచ్చేస్తావా. ఆగు, మీ నాన్నగారికి చదివి వినిపించు ఇది.

ఆ చర్చి 1296లో మొదలెట్టారు. గోడలు లేచాయి, తరాలు మారాయి, నడినెత్తిన దాదాపు 45 మీటర్ల బొక్క అలాగే ఉండిపోయింది. గుమ్మటం కడతాం అని డ్రాయింగ్‌లో ఉంది కానీ ఎలా కడతారో ఎవడికీ తెలీదు. మనం శ్లాబుకి కొట్టినట్టు సెంట్రింగ్ కొట్టాలంటే గుమ్మటం మొదలయ్యేదే నేల నుంచి యాభై మీటర్ల పైన, అంత ఎత్తుకి అంత వెడల్పుకి కలప ఎక్కడ తెస్తావ్, తెచ్చినా ఆ చట్రం దాని బరువుకి అదే కూలుద్ది. అప్పుడు బ్రునెలెస్కీ అనే ఆయన, నేర్చింది కంసాలి పని, సెంట్రింగ్ లేకుండానే కడతా అన్నాడు. పిచ్చోడన్నారు. 1420లో మొదలెట్టి 1436కి మూసేశాడు.

కిటుకు ఇటుక పేర్పులో ఉంది. అన్నీ పడుకోబెట్టి పోకుండా కొంత దూరానికో ఇటుక నిలబెట్టి, పై వరసలో దాన్ని పక్కకి జరుపుతూ, మొత్తం చేప ముల్లులాగా మెలి తిప్పుకుంటూ పైకి పోయాడు. పైకి పోయేకొద్దీ గోడ లోపలికి వాలుద్ది కదా, తడి సున్నం మీదున్న ఇటుకలు జారకుండా ఆ నిలబెట్టినవి పట్టుకుంటాయి. చుట్టూ తిరిగొచ్చి వరస కలిసిందంటే ఇంక అది కదలదు. దానికి తోడు పీపాకి ఇనప పట్టీ వేసినట్టు రాతి గొలుసులు, ఒక చెక్క గొలుసు. పొరలు రెండు, లోపలిది మందం, బయటది పలచన, మధ్యలో మెట్లు. మీరు టికెట్ కొని ఎక్కేది ఆ రెండు పొరల మధ్యనే. నలభై లక్షల పైన ఇటుకలు. అవి పైకి ఎక్కించడానికి ఎద్దులతో తిప్పే యంత్రం చేశాడు, గేరు మారిస్తే చాలు, ఎద్దుల్ని వెనక్కి తిప్పకుండానే బరువు పైకీ పోద్ది కిందకీ దిగుద్ది.

ఇప్పటికీ ఇటుకతో కట్టిన గుమ్మటాల్లో అదే పెద్దది.

డల్లాస్_డైరీ
మన గోల్‌గుంబజ్ మర్చిపోయారా? దానికి స్తంభాలే లేవు. మనవి ఎప్పుడూ మనకి ఆనవు.

కరీంనగరోడు
గోల్‌గుంబజ్ బీజాపూర్ల ఉంది, మనది ఎట్లయింది, కర్ణాటకోళ్ళు ఊకుంటరా

గోడమేస్త్రి
@డల్లాస్_డైరీ గోల్‌గుంబజ్ గొప్పదే, కాదని నేననలేదు. కానీ అది 1656 నాటిది, ఇది 1436, మధ్యలో 220 ఏళ్ళు. బయటి కొలతే 44 మీటర్లు, లోపల ఇంకా తక్కువ. పైగా అది గుండ్రం. గుండ్రంగా ఉంటే ప్రతి వరసా రింగులా బిగుసుకుని తనంతట తాను నిలబడుద్ది. ఇది ఎనిమిది పలకలు, మూలల దగ్గర ఆ సుఖం లేదు. అందుకే ఆ గోడ మందంలోనే గుండ్రం దాచి కట్టాడు. ఇంకా అడిగితే రాత్రంతా రాస్తా.

నైట్‌షిఫ్ట్_నాని
ఎవరూ అడక్కండి ప్లీజ్

కోనసీమ_కొబ్బరి
ఆయ్, మేస్త్రిగారు రాస్తే చదవడానికి మేమున్నామండి. మా ఇంటి వాటర్ ట్యాంకు లీకేజీ గురించి కూడా ఒక మాట చెప్పండి.

ఇసార్_ఒడ్డు
@గోడమేస్త్రి నాన్నకి చదివి వినిపించా. చదువుతుంటే మధ్యలో ఆపి "సెంట్రింగ్ లేకుండానా" అని మూడుసార్లు అడిగారు. సాగర్ డ్యామ్ కూడా రాతి కట్టడమేరా అని మొదలెట్టి గంట సేపు నాకు చెప్పారు. ఇప్పుడు వెనిస్ వద్దు, నీళ్ళు నేను జీవితమంతా చూశా అంటున్నారు. మా ఆవిడ నా వైపు చూడట్లేదు. ఎవరైనా వెనిస్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి నన్ను బతికించండి.

పెసరట్టు_ఉప్మా
వెనిస్ సంగతి వాళ్ళు చూస్తారు, అమ్మగారి తిండి సంగతి నేను చెప్తా. శాకాహారులకి ఫ్లోరెన్స్ పర్లేదు, ఒక్కటి గుర్తు పెట్టుకోండి, అక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. అసలు వెయ్యరు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని మా అత్తగారు మర్చిపోయి ఉంటార్లే అన్నారు, రెండో హోటల్లోనూ అంతే, మూడో రోజుకి అర్థమైంది అది వాళ్ళ పద్ధతి అని. ఆ చప్పిడి రొట్టెకి ఆవకాయ రాసి చూడండి, ఆ రొట్టె దీని కోసమే పుట్టిందా అనిపిస్తుంది. చిన్న సీసా బ్యాగులో పడేసుకోండి, మూత గట్టిగా.

రిబొల్లీతా అని ఒకటి ఉంటుంది, నిన్నటి రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ ఆకు వేసి మళ్ళీ మళ్ళీ మరిగించిన కూర లాంటి సూపు. మాంసం నీళ్ళతో చేశారా అని ఒకసారి అడగండి. ఇంకోటి పప్పా అల్ పొమొదోరో, టమాటా, రొట్టె కలిపి ముద్దగా చేస్తారు. పేరు విని మా మావగారు "పప్పు ఉందే ఇక్కడ" అని సంబరపడ్డారు, పప్పు కాదు కానీ టమాటా ఉంది కదా అని సర్దుకున్నారు. చీజ్ విషయం పట్టింపు ఉంటే జాగ్రత్త, పార్మెజాన్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వేస్తారు.

కరీంనగరోడు
నాన్‌వెజ్ తినేటోళ్ళకు గా బండ్ల మీద లాంప్రెదొత్తో అమ్ముతరు, మన బోటీ లెక్క మంచిగుంటది, బన్నుల పెట్టి ఆకుపచ్చ చట్నీ పోస్తరు. గని అది ఆవు పొట్ట, తెల్సుకొని తినుండ్రి, తిన్నంక నన్ను తిట్టకుండ్రి.

పద్మ_బోలోన్యా
బిల్లులో కొపెర్తో అని మనిషికి ఇంత అని ఉంటుంది, మోసం కాదు, కూర్చున్నందుకు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, అదే కాఫీ పెద్ద సెంటర్లో కుర్చీలో కూర్చుని తాగితే ఇంకో రేటు. మన వాళ్ళు భోజనం తర్వాత కపుచినో అడుగుతారు, ఇస్తారు, కాకపోతే పెరుగన్నం మీద పూరీ అడిగినట్టు చూస్తారు.

బెజవాడ_బాబాయ్
కళ్ళు తిరిగి పడిపోయే జబ్బుకి ఆ ఊళ్ళోనే పేరు పెట్టారట, కళాఖండాల అందం ఎక్కువై పడిపోతారని. మాకు కూడా తిరిగాయి, బిల్లు చూసి.

రాళ్ళపిచ్చి
బాబాయ్ గారి మొదటి పోస్టుకి జవాబు బాకీ ఉంది. బయట ఉన్న కాపీ 1910లో పెట్టింది. అసలుది 1873 దాకా అదే సెంటర్లో ఎండకీ వానకీ నిలబడి తర్వాత లోపలికి వచ్చింది. కాపీ ముందు ఫోటో వస్తుంది, కాదనను. కానీ 5.17 మీటర్ల మనిషి కింద నిలబడి ఆ కుడి చేతి నరాలు చూస్తే తేడా తెలుస్తుంది. ఆ రాయి కూడా కొత్తది కాదు, ఇంకో ఇద్దరు మొదలెట్టి పాడుచేసి ఏళ్ళ తరబడి పడేసిన రాయి. 1501లో మైకెలాంజెలోకి 26 ఏళ్ళు, ఆ మిగిలిన రాయిలోంచే తీశాడు. పైగా ఆ హాల్లో డేవిడ్ కంటే ముందు దారికి రెండు వైపులా ఆయనే సగం చెక్కి వదిలేసిన ఖైదీల విగ్రహాలు ఉంటాయి, రాయిలోంచి బయటపడటానికి గింజుకుంటున్నట్టు. జనం వాటి ముందు నుంచే డేవిడ్ దగ్గరికి పరిగెడతారు. నేను అరగంట వాటి దగ్గరే ఉన్నా.

ఉఫీజీ అంటే ఆఫీసులు అని అర్థం, 1560లో గవర్నమెంటు ఆఫీసుల కోసమే కట్టడం మొదలెట్టారు. మన కలెక్టరాఫీసు మ్యూజియం అయినట్టు. అందులో చాలా బొమ్మలు అప్పట్లో ఆ ఊరిని ఏలిన మెడిసీ కుటుంబానివి. ఆ వంశంలో చివర మిగిలిన ఆడమనిషి, అన్నా మరియా లూయిజా, 1737లో కొత్త పాలకులతో ఒప్పందం రాయించుకుంది, ఒక్క వస్తువు కూడా ఊరు దాటకూడదని. ఆవిడ ఆ సంతకం పెట్టించకపోతే బాబాయ్ గారికి తిట్టుకోడానికి బొమ్మలు ఉండేవి కావు.

కరీంనగరోడు
మరి మెడిసీల దగ్గర మన గోల్కొండ వజ్రం ఉండె అంటరు గదా, అది ఏడబోయింది?

రాళ్ళపిచ్చి
ఫ్లోరెంటైన్ డైమండ్. పసుపు రంగు, 137 క్యారెట్లు. భారతదేశం నుంచి వెళ్ళిందని చెప్తారు, గోల్కొండ అని రాసి ఇచ్చిన కాగితం నేనైతే చూడలేదు. అంతటి ఒప్పందం రాసినా అది మాత్రం ఊళ్ళో నిలవలేదు, ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గ్ రాజుల చేతికి పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మాయమైందని అందరూ అనుకున్నారు. 2025లో ఆ హాబ్స్‌బర్గ్ వారసులే బయటపెట్టారు, కెనడాలో బ్యాంకు లాకర్లో ఉందని.

నైట్‌షిఫ్ట్_నాని
మా అమ్మ నానుతాడు పెట్టిన లాకర్ కూడా ఇలాగే ఎక్కడుందో తెలీదు

డల్లాస్_డైరీ
ఇటలీ అంటే గుర్తొచ్చింది, తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అన్నది కూడా ఇటలీ యాత్రికుడే. నికోలో కాంటీ. గర్వంగా చెప్పుకోవాలి.

రాళ్ళపిచ్చి
కాంటీ 15వ శతాబ్దంలో విజయనగరం వచ్చిన మాట నిజం. ఆ మాట ఆయన ఏ పేజీలో అన్నాడో చూపించమని నేను ఇరవై మందిని అడిగా, ఒక్కరూ చూపించలేదు. ఇంకో సంగతి మాత్రం గట్టిగా చెప్పొచ్చు, ఆయన తిరిగొచ్చాక తన కథంతా పోప్ సెక్రటరీ పోజ్జోకి చెప్పి రాయించాడు, పోప్ కొలువు ఫ్లోరెన్స్‌లో ఉన్న రోజుల్లో. మన విజయనగరం ముచ్చట్లు ఆ ఊరి వీధుల్లో చెప్పుకున్నారన్నమాట.

కోనసీమ_కొబ్బరి
ఎవరన్నా అనకపోయినా రెండూ అజంత భాషలే కదండీ, జెలాటో, కపుచినో, కాఫీ, డువోమో అన్నీ అచ్చుతోనే అయిపోతాయి. మా అమ్మమ్మ బస్సుని బస్సు అంటది, వాళ్ళ అమ్మమ్మ కూడా అలాగే అని ఉంటది.

పద్మ_బోలోన్యా
బస్సుని నిజంగానే బుస్ అంటాం ఇక్కడ, హల్లుతోనే అవుతుంది. 😄 ఆ బస్సే 12, 13 నంబర్లు ఎక్కితే కొండ మీద పియాజాలే మికెలాంజెలో దాకా తీసుకెళ్తాయి, అమ్మగారు మెట్లెక్కక్కర్లేదు. సాయంత్రం అక్కడ నుంచి ఊరంతా కనబడుతుంది. జనం గోల ఎక్కువైతే ఇంకాస్త పైన సాన్ మినియాతో చర్చి, వెయ్యేళ్ళ నాటిది, సగం మంది అక్కడి దాకా రారు.

బెజవాడ_బాబాయ్
సరే ఒకటి ఒప్పుకుంటా. సాంతా క్రోచే చర్చి దగ్గర సందుల్లో గోడల మీద చిన్న పలకలు ఉంటాయి, 1966 నవంబర్ 4 వరద నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయని గీత. నా తల కంటే చాలా పైన. కొన్ని చోట్ల ఆరు మీటర్లు దాటిందట. ఒక సందు మలుపులో 1333 వరద గుర్తు కూడా పక్కనే ఉంది, అది కూడా నవంబర్ 4నే. బొమ్మలన్నీ మర్చిపోయా గానీ అది మర్చిపోలేదు. 2024లో బుడమేరు వచ్చినప్పుడు సింగ్‌నగర్‌లో మా తమ్ముడింట్లో నడుం పైదాకా నీళ్ళు, సున్నం కొట్టించే ముందు గీత గీసి తేదీ రాయమన్నా వాడిని. దరిద్రం మళ్ళీ గుర్తెందుకు అన్నాడు.

గోడమేస్త్రి
రాయించండి బాబాయ్. మా డిపార్ట్‌మెంటులో ఆ గీతనే మ్యాగ్జిమమ్ ఫ్లడ్ లెవెల్ అంటాం, అది లేకపోతే పక్క ప్లాటు వాడు మళ్ళీ అదే లెవెల్లో పునాది వేస్తాడు.

రాళ్ళపిచ్చి
ఆ 1333 వరదకే పాత వంతెన కొట్టుకుపోతే 1345లో ఇప్పుడున్న పోంతే వెక్కియో కట్టారు. మీద ఇప్పుడు అన్నీ బంగారం కొట్లు. మొదట్లో మాంసం కొట్లు ఉండేవి, కంపు భరించలేక 1593లో డ్యూక్ వాళ్ళని ఖాళీ చేయించి కంసాలులకి ఇచ్చాడు. 1944లో జర్మన్లు వెనక్కి పోతూ ఊళ్ళో మిగతా వంతెనలన్నీ పేల్చేశారు, దీన్నొక్కదాన్నే వదిలారు.

ఇంకోటి, వీలుంటే ట్రామ్‌లో కాషీనే పార్కు దగ్గర దిగి, పార్కు చివరిదాకా నడిచి వెళ్ళండి. రెండు నదులు కలిసే చోట గొడుగు లాంటి మంటపం కింద ఒక భారతీయ యువకుడి విగ్రహం ఉంటుంది. కొల్హాపూర్ మహారాజు రాజారామ్, 1870లో ఇంగ్లండ్ చూసి తిరిగొస్తూ ఈ ఊళ్ళో చనిపోయాడు, ఇరవై ఏళ్ళ కుర్రాడు. నది ఒడ్డునే మన పద్ధతిలో దహనం చేశారు. ఇప్పుడు ఆ పక్కన వంతెన పేరే పోంతే అల్ ఇందియానో, భారతీయుడి వంతెన. టూరిస్టులు ఎవరూ రారు.

డల్లాస్_డైరీ
ఇన్ని చెప్తే మనిషి నెల రోజులు ఉండాలి. మేము 9 రోజుల్లో 6 దేశాలు కొట్టాం, ఫ్లోరెన్స్ మూడు గంటలు, హాయిగా ఉంది.

నైట్‌షిఫ్ట్_నాని
@డల్లాస్_డైరీ ఏ దేశంలో ఏం తిన్నారో గుర్తుందా

డల్లాస్_డైరీ
బస్సులో ఇచ్చిన పులిహోర ప్యాకెట్. ఆరు దేశాల్లోనూ అదే.

పద్మ_బోలోన్యా
చివరిగా ఒక్కటి, లిస్టులో చాలామంది పెట్టనిది. ఇన్నొచెంతి అని, అనాథ పిల్లల ఆశ్రమం, బ్రునెలెస్కీయే 1419లో మొదలెట్టాడు. బయట వరండా స్తంభాలు, వంపులు చూసి జనం ఫోటో తీసుకుని పోతారు. లోపల మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులు ఉంటాయి, లాగితే ఒక్కోదాంట్లో సగానికి విరిచిన పతకం, పూస, గుడ్డ ముక్క. పిల్లని వదిలి వెళ్ళే తల్లి సగం ముక్క బిడ్డ దగ్గర పెట్టి సగం తన దగ్గర ఉంచుకునేది, ఎప్పటికైనా వస్తే గుర్తు పట్టడానికి. వాటిలో ఎక్కువ ఇంకా సగాలుగానే ఉన్నాయి. మా అమ్మని తీసుకెళ్తే బయటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. వెళ్ళమని చెప్పను, మీ ఇష్టం.

ఇసార్_ఒడ్డు
వెళ్ళొచ్చాం. ఫ్లోరెన్స్ మూడు రోజులు, వెనిస్ ఒక రోజు, ఇంట్లో శాంతి నెలకొంది. పీసా కూడా ఒక పూట, లోకల్ ట్రైన్‌లో గంట, మా ఆవిడ టవర్‌ని మోస్తున్నట్టు ఫోటో దిగింది, వెనక ఇంకో నలభై మంది అదే టవర్ మోస్తున్నారు. కాగితం టికెట్‌కి ప్లాట్‌ఫారం మీద మిషన్లో ముద్ర కొట్టించాలని తెలీక పరిగెత్తి కొట్టించుకున్నా, ఎవరూ చెప్పలేదేం ఇక్కడ.

గుమ్మటం నేనూ నాన్నా ఎక్కాం. మధ్యలో ఒకచోట మేస్త్రిగారు చెప్పిన చేప ముల్లు ఇటుకలు బయటికే కనిపిస్తాయి. నాన్న అక్కడ ఆగిపోయారు. జాన పెట్టి ఇటుక పొడుగు కొలిచారు, జాయింటు మీద గోరు పెట్టి గీరబోతే చెయ్యి పట్టుకుని ఆపా. వెనక అరవై మంది, అందరూ ఊపిరి ఎగబీలుస్తూ. ఒక జర్మన్ ముసలాయన ఏమైంది, ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఆయన ఇంజనీరండీ అన్నా, ఓహో అని ఆయన కూడా గోడ కొలవడం మొదలెట్టాడు. పైకి చేరాక ఊరు చూడమంటే చూడలేదు, "ఇంత పనికి ఎం-బుక్ ఎవరు రాసుంటారురా, కొలతలు ఎవరు చెక్ చేసుంటారు" అన్నారు. ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు ఎక్కించే రిజిస్టర్ లెండి.

అమ్మ ఓబ్లాతేలో కాఫీ తాగింది, బావుంది అంది కానీ తనకి ఆ ఊళ్ళో నచ్చింది అరుగులు. మీరెవరూ చెప్పలేదు, అక్కడ పాత మేడలకి, మెడిసీ వాళ్ళ ఇంటికీ స్ట్రోజీ వాళ్ళ ఇంటికీ, బయట వీధి వైపు గోడ పొడుగునా రాతి అరుగులు ఉన్నాయి, దారినపోయేవాళ్ళు కూర్చోడానికి. మన పాత ఇళ్ళల్లాగే. మేము మ్యూజియంలో ఉంటే అమ్మ మెడిసీ ఇంటి అరుగు మీద కూర్చుని సంచీలోంచి రొట్టె, ఆవకాయ తీసింది. తిరిగొచ్చేసరికి పక్కన ఇద్దరు కొరియా అమ్మాయిలు కళ్ళు తుడుచుకుంటూ ఇంకా పెట్టమంటున్నారు.

ఇన్నొచెంతి వెళ్ళాం. మూడో సొరుగు దాకా చూసి, చాల్లే పద అంది.

పెసరట్టు_ఉప్మా
సీసా ఎంత మిగిలింది?

ఇసార్_ఒడ్డు
మిగల్లేదు.

బెజవాడ_బాబాయ్
అరుగుల సంగతి నాకెవరూ చెప్పలేదు, నేను బెంచీల కోసం మ్యూజియం టికెట్ కొన్నా!

గోడమేస్త్రి
@ఇసార్_ఒడ్డు నాన్నగారికి చెప్పు, ఎం-బుక్ ఉంది. నిజంగానే ఉంది. ఆ చర్చి పని చూసిన సంస్థ, ఒపెరా అంటారు, ఇప్పటికీ ఉంది, 1417 నుంచి 1436 దాకా కాగితాలన్నీ దాచి ఆన్‌లైన్‌లో పెట్టారు. కూలీల పేర్లు, ఇటుక బట్టీల లెక్కలు, చెల్లింపులు అన్నీ.

నైట్‌షిఫ్ట్_నాని
అయిపోయాడు. ఇంక ఆ పెద్దాయన తెనాలి వెళ్ళడు.

ఇసార్_ఒడ్డు
నాని చెప్పినట్టే అయ్యింది. రెండు రోజులుగా ట్యాబ్ వదలట్లేదు, నా చేత ట్రాన్స్‌లేట్ పెట్టించుకుని ఎర్ర పెన్నుతో నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నారు. ఇందాక పిలిచి అడిగారు, "ఈ బట్టీ వాడి లోడు ఎన్ని ఇటుకలో యూనిట్ ఎక్కడ రాశాడు, ఇది లేకుండా నేను బిల్లు ఎలా పాస్ చేసేది" అని. @గోడమేస్త్రి మీ నంబర్ మెసేజ్ చెయ్యండి, ఇకనుంచి మీకే ఫోన్ చేయిస్తా.